కెమేరాకు చేతకానిది

పోయిన నెల ఈ శీర్షికలో ఇంట్లో బి.పి. చూచుకునే యంత్రాన్ని ఎంతవరకు నమ్మవచ్చునో వ్రాశాము. పట్టీ చిన్నదైతే ఉన్నదానికన్న ఎక్కువ చూపుతుందనీ, చేయి గుండె మట్టానికి దిగువన వేలాడినా అంతేననీ చెప్పాము. అది చదివిన మిత్రులొకరు ఫోను చేసి, "డాక్టరుగారూ, అదే చేత్తో కెమేరా గురించి కూడా వ్రాయండి. మూడు వేల రియాళ్ళు పోసి కొన్నాను. సంక్రాంతి సభలో మా అమ్మాయి నాట్యం తీస్తే బొమ్మ చెదిరిపోయింది. రంగు చూస్తే పసుపునీళ్ళలో ముంచి తీసినట్టుంది. కెమేరా చెడిపోయిందంటారా?" అన్నారు.

చెడిపోలేదు. మీరు అడిగిన పని దానికి చేతకానిది, అంతే. ఆయనకు ఫోనులో ఇంతే చెప్పి ఊరుకున్నాము. కాని ఆ మాట చెప్పే అర్హత మాకు ఎట్లా వచ్చిందో చెప్పాలంటే మా నాన్నగారి సంగతి చెప్పాలి.

నాన్నగారు నరసరావుపేటలో బడిపంతులుగా పనిచేశారు. పెళ్ళికాక మునుపు, జీతం రాళ్ళు కూడబెట్టుకుని, అగ్ఫా క్లిక్ త్రీ కొన్నారు. బరోడాలో తయారైన డబ్బా కెమేరా అది. మనలో చాలామంది ఇళ్ళలో ఉండే ఉంటుంది. 120 నంబరు రీలు వేస్తే పన్నెండు బొమ్మలు వచ్చేవి. షట్టరు వేగం మార్చడానికి లేదు, ఫోకసు తిప్పడానికి లేదు. చీకట్లో దానికి చూపు ఆనదు, దగ్గరగా వస్తే మసక. ఆ కెమేరాతో ఇంట్లో బొమ్మ తీయాలని నాన్నగారు ఎన్నడూ ప్రయత్నించలేదు. పండగయినా, పేరంటమయినా, అందరినీ పెరట్లోకి నడిపించి, తూర్పు ఎండ పక్కనుంచి పడేట్టు నిలబెట్టి, తాను ఆరడుగులు కొలుచుకుని వెనక్కు జరిగి, ఊపిరి బిగబట్టి నొక్కేవారు. ఏడాదికి ఒకటో రెండో రీళ్ళు. ఆల్బమ్‌లో చెడిపోయిన బొమ్మ మేము చూడలేదు. ఆ కెమేరా ఏమి చేయలేదో ఆయనకు కంఠతా వచ్చు.

మేము కతార్ వచ్చిన తరువాత నాన్నగారూ, అమ్మా ఒక్కసారే వచ్చారు. సెప్టెంబరు చివర వచ్చి ఫిబ్రవరిలో వెళ్ళారు. అప్పటికి మా దగ్గర మంచి డిజిటల్ కెమేరా ఒకటి, ఇద్దరికీ చెరొక ఫోను ఉన్నాయి. తీయని చోటు లేదు. వెళ్ళిన తరువాతి శ్రావణంలో నాన్నగారు కాలం చేశారు. పటం కట్టించడానికి మంచి ఫొటో పంపమని అన్నయ్య అడిగాడు. రాత్రి డ్యూటీ నుంచి వచ్చి మదీనత్ ఖలీఫాలో మా ఇంటి భోజనాల బల్ల ముందు కూర్చుని, మా శ్రీమతీ మేమూ ఆ అయిదు నెలల ఫొటోలు తెల్లవారేదాకా చూచాము. ఆరువందలకు పైగా ఉన్నాయి. పటానికి పనికి వచ్చింది ఒక్కటే.

మిగిలినవి ఎందుకు పనికి రాలేదో తరువాత తీరికగా ఒక్కొక్కటే పరిశీలించాము. వ్యాధి నిర్ణయమనుకోండి.

మొదటి వారంలో తీసినవన్నీ పొగమంచులో తీసినట్టున్నాయి. ఇది మన దోహా జబ్బు. సెప్టెంబరు సాయంత్రం ఏ.సి. గదిలోంచి బయటికి అడుగుపెట్టగానే కళ్ళజోడు ఎట్లా తెల్లబారుతుందో లెన్సు కూడా అట్లాగే తెల్లబారుతుంది. చల్లని గాజు మీద సముద్రపు తేమ నీరు కడుతుంది. తుడిస్తే మళ్ళీ వస్తుంది, గాజు వేడెక్కేదాకా వస్తూనే ఉంటుంది. మందు తేలికే. బయలుదేరే ముందు, గదిలో ఉండగానే, కెమేరాను ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి బిగించి, బయటికి వచ్చాక అరగంట అట్లాగే ఉంచాలి. తేమ సంచి మీద కూర్చుంటుంది. కారులో ఏ.సి. మానుకోలేము గనుక కెమేరాను వెనక డిక్కీలో పెట్టడం కూడా మంచిదే, వేసవి మధ్యాహ్నాలు మాత్రం వద్దు. ఆ వేడికి బ్యాటరీ పాడవుతుంది. నాన్నగారు మొదటిసారి సముద్రతీరాన దౌ పడవలు చూచి నవ్విన నవ్వు మా దగ్గర ఆవిరి ముద్దగా మిగిలి ఉంది.

రెండో రకం మా వీధిలో తీసినవి. మిట్టమధ్యాహ్నం, లేతరంగు ప్రహరీగోడ ముందు, తెల్లని పంచె, తెల్లని లాల్చీ. గోడ బూడిదరంగుకు దిగింది, ముఖం నీడలో కలిసిపోయింది. కెమేరాలోని వెలుతురు కొలమానానికి ఎదుట ఉన్నది తెలుపో నలుపో తెలియదు. ప్రపంచమంతా మధ్యరకం బూడిదరంగని దాని నమ్మకం. తెలుపు ఎక్కువ కనిపిస్తే వెలుతురు ఎక్కువైందని భ్రమపడి తగ్గిస్తుంది. అటువంటప్పుడు ప్లస్ గుర్తు ఉన్న మీట నొక్కి ఒక మెట్టు పెంచాలి. ఫోనులో అయితే ముఖం మీద వేలు ఆనించి పైకి జరపాలి. ఇవేవీ చేయకుండా పందిరి నీడలోకో, గోడ నీడ పక్కకో మనిషిని నడిపించినా చాలును. నాన్నగారు ఆ రోజు, "నీడలోకి వద్దాంరా, ఎండ నెత్తిమీద ఉంది" అన్నారు. మేము, "ఫరవాలేదు నాన్నగారూ, ఇది అన్నీ అదే చూచుకుంటుంది" అన్నాము.

మూడో రకం రాత్రి కార్నీషు మీద తీసినవి. 2008లో తెరిచిన ఇస్లామిక్ కళల మ్యూజియం పక్కనున్న పార్కులో నిలబడితే, నీటికి ఆవల వెస్ట్ బే మేడలన్నీ దీపాలతో కనిపిస్తాయి. మనవాళ్ళలో ఎవరు వచ్చినా అక్కడ నిలబెట్టి తీస్తాము. ఫోను ముందు రెండే దారులు. మేడలు బాగా రావాలంటే మనిషి నల్లని ఆకారమవుతాడు, మనిషి బాగా రావాలంటే మేడలు తెల్లని మరకలవుతాయి. ఖరీదైన ఫోనులో కూడా బొమ్మ పడే ఫలకం చిటికెన వేలి గోరంత. పాతకాలపు 35 మిల్లీమీటర్ల ఫిల్ము చట్రం 36 మిల్లీమీటర్ల పొడవు, 24 వెడల్పు. చాలా ఫోన్ల ఫలకం దానిలో పన్నెండో వంతు ఉంటే గొప్ప. ఆ లోటు పూడ్చడానికి ఫోను వెంటవెంటనే చాలా బొమ్మలు తీసి ఒకదానిమీద ఒకటి పేరుస్తుంది. మనిషి కదలకపోతే అది అద్భుతంగానే పనిచేస్తుంది. అయిదేళ్ళ మనవరాలు చేయి పట్టుకు లాగుతూ ఉంటే పనిచేయదు. ఇక్కడ కూడా మందు గడియారంలో ఉంది. సూర్యుడు దిగిన తరువాత పదిహేను ఇరవై నిమిషాలు ఆకాశానికీ, మేడల దీపాలకూ, మనిషి ముఖానికీ వెలుతురు ఇంచుమించు సమంగా ఉంటుంది. మనం మాత్రం భోజనాలు ముగించుకుని తొమ్మిదింటికి వెళతాము. (పనిలో పని, బొమ్మలో అపరిచితులు పడకుండా చూచుకోండి. అడగకుండా ఇతరులను తీయడం ఈ దేశంలో చట్టంతో పని.)

నాలుగో రకం చెయ్యి చాచి ఫోనుతో తీసుకున్నవి. ఇది మా వృత్తికి దగ్గర సంగతి గనుక కాస్త విపులంగా చెబుతాము. ఛాతీ ఎక్స్‌రే తీసేటప్పుడు రోగి రొమ్మును ఫిల్ముకు ఆనించి, ఆరడుగుల దూరంలో వెనకనుంచి కిరణాలు పంపుతారు. లేవలేని రోగికి మంచం దగ్గరికే యంత్రం తెచ్చి, ముందునుంచి, తక్కువ దూరంలో తీస్తారు. అందులో గుండె ఫిల్ముకు దూరమై, ఉన్నదానికన్న పెద్దదిగా పడుతుంది. ఆ ఫిల్ము చూచి గుండె పెరిగిందని వ్రాయరాదని గుంటూరు మెడికల్ కాలేజీలో హౌస్‌సర్జన్లుగా ఉన్నప్పుడే మాకు నేర్పారు. ముఖానికీ ఇదే సూత్రం. ఫోను ముక్కుకు ముప్ఫై సెంటీమీటర్ల దూరంలో ఉంటే చెవి నలభై రెండు దూరంలో ఉంటుంది. చెవితో పోలిస్తే ముక్కు 1.4 రెట్లు పెద్దదిగా పడుతుంది. రెండు మీటర్లు వెనక్కు జరిగితే ఆ తేడా నూటికి ఆరుకు తగ్గిపోతుంది. చూపుకు దగ్గరగా కావాలంటే అప్పుడు రెండు రెట్ల జూము వాడుకోండి. ఫోటోలో ముక్కు చూచుకుని బెంగపడే యువతీయువకులు మా దగ్గరికి రావడం కద్దు. వారికి మేము చెప్పే మందు రెండు మీటర్లే.

ఇక ఫోను చేసిన మిత్రుల నాట్యం సంగతి. కెమేరాతో వచ్చే మామూలు లెన్సును జూము చేస్తే ఎఫ్ 5.6 దగ్గర ఆగిపోతుంది. మన సభలు జరిగే హాళ్ళ వెలుతురులో, ఐ.ఎస్.ఓ. 3200 పెట్టినా షట్టరు 1/60 సెకండు దాటడం కష్టం. తిరిగే చేతిని నిలపడానికి 1/250 అయినా కావాలి. ఫ్లాషు ఉంది గదా అంటారు. కెమేరా నెత్తిన లేచే చిన్న ఫ్లాషు శక్తిని కంపెనీవారు సంఖ్యగా ఇస్తారు, 12 అనుకుందాం. దాన్ని ఎఫ్ సంఖ్యతో భాగిస్తే, ఐ.ఎస్.ఓ. 100 దగ్గర ఎన్ని మీటర్లు పారుతుందో తెలుస్తుంది. పన్నెండును 5.6తో భాగించండి. రెండు మీటర్ల చిల్లర! దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతవుతుంది. పదో వరుసలోంచి వేసిన ఫ్లాషుకు కనిపించేది ఎదుటి వరుసవారి బట్టతలలు. సంక్రాంతి నాడు మన హాలులో ఆ ఫ్లాషులు ఎన్ని మెరిశాయో! ఒక్కటీ వేదిక చేరలేదు.

50 మిల్లీమీటర్ల ఎఫ్ 1.8 లెన్సు కంపెనీలవారి లెన్సులలో చవకైన వాటిలో ఒకటి. 5.6తో పోలిస్తే దాదాపు పదిరెట్లు వెలుతురు తీసుకుంటుంది. దానికీ చేతకానివి ఉన్నాయి. జూము లేదు గనుక మీరు ముందే వచ్చి రెండో వరుసలో చోటు పట్టాలి. ఫోకసు ముక్కు మీద పడితే చెవి మసకబారుతుంది. కొనడం ఇష్టం లేదా, ఉన్న లెన్సుతోనే ఒక ఉపాయం ఉంది. జతి ముగిసి పాప ఒక్క లిప్త భంగిమలో నిలుస్తుంది చూడండి, ఆ క్షణానికి 1/60 చాలు. ఇంట్లో నెలల తరబడి ఆ పాట విన్నవారు మీరు, జతి ఎక్కడ ముగుస్తుందో కెమేరాకు తెలియదు గాని మీకు తెలుసు. తెల్లసమతూకం అనే మీటను హాలు దీపాలకు సరిపెడితే పసుపునీళ్ళు కూడా పోతాయి.

మన హైదరాబాదులో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో ఛాయాగ్రాహకుడుగా ఉన్న రాజా దీన్‌దయాళ్ (1844-1905) గాజుపలకల మీద తీశారు. ఆ పలకలకు వెలుతురు గ్రహించే శక్తి నేటి ఫోనుతో పోలిస్తే లెక్కలోకి రాదు. ఆయన చిత్రాలలో నవాబులు అంత గంభీరంగా నిలబడి ఉంటారేమని చిన్నతనంలో అనుకునేవాళ్ళము. దర్పం ఎంతో, పలకకు భయపడి కదలకుండా ఉండడం ఎంతో ఇప్పుడు చెప్పలేము. ఆ చిత్రాలు ఇక్కడ అచ్చువేద్దామంటే మన పత్రిక స్టెన్సిలు మీద గీత దిగుతుంది గాని నీడ దిగదు.

పటానికి పనికివచ్చిన ఆ ఒక్క ఫొటో మేము తీద్దామని తీసింది కాదు. జనవరిలో ఒక సెలవునాటి ఉదయం. నాన్నగారి రెండు కళ్ళకూ శుక్లాలు ముదురుతున్నాయి, ఇంటికి వెళ్ళాక ఆపరేషన్ చేయించుకుంటానన్నారు. దీపం కింద అక్షరం ఆనక, తూర్పు కిటికీ పక్కకు కుర్చీ జరుపుకుని, పేపరును వెలుతురుకు వాలుగా పట్టుకుని చదువుకునేవారు. మా శ్రీమతి కాఫీ ఇచ్చి, గది అవతలి గోడ దగ్గరనుంచి ఫోనుతో ఒక్కటి తీసింది. కిటికీ తెర వెలుతురును మెత్తబరచింది. దూరం రెండు మీటర్లకు పైనే. ఆయన కదలలేదు, చదువుతున్నారు.

అన్నయ్య దాన్ని నరసరావుపేటలో స్టూడియోకు ఇచ్చాడు. చేతిలోని పేపరు తీసివేసి, మెడలో జరీ కండువా, వెనక నీలం తెర పెట్టి ఇస్తానని స్టూడియో అతను అన్నాడట. అన్నయ్య ఫోను చేసి మమ్మల్ని అడిగాడు. పేపరు ఉండనిమ్మన్నాము.