కాన్పు దవాఖానాకు చేరింది, రక్తం మాటేమిటి?

తార్నాకలో ఉస్మానియా క్యాంపస్‌ను ఆనుకొనే జాతీయ పోషకాహార సంస్థ ఉంది. అందరూ ఎన్‌ఐఎన్ అంటారు. 1918లో నీలగిరుల్లోని కూనూరులో, బెరిబెరి జబ్బు మీద పరిశోధనకు రాబర్ట్ మెకారిసన్ ఒకే గదిలో మొదలుపెట్టిన ప్రయోగశాల దాని మూలం. 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చింది. కాన్పులో తల్లులు ఎందుకు చనిపోతారన్న ప్రశ్నకు సగం జవాబు ఆ ప్రహరీ లోపల దశాబ్దాలుగా ఉంది.

ఆ జవాబులో ఒక ముక్క కూనూరు రోజుల నాటిదే. లూసీ విల్స్ అనే ఇంగ్లిష్ వైద్యురాలు 1920ల చివర్లో బొంబాయి వచ్చారు. పేద గర్భిణుల రక్తం ఎందుకు పలచబడిపోతోందో కనిపెట్టడం ఆమె పని. కొంతకాలం కూనూరులో మెకారిసన్ దగ్గరా పనిచేశారు. క్రిమి కోసం వెతికితే దొరకలేదు, తేడా తిండిలో కనిపించింది. ఈస్ట్ నుంచి తీసే చవక సరుకు మార్మైట్ తినిపిస్తే ఈ గర్భిణులకు మళ్లీ రక్తం పట్టిందని 1931లో ప్రకటించారు. అందులో పనిచేసింది ఫోలేట్ అని తర్వాత తేలింది. ఇవాళ ఏఎన్‌ఎం గర్భిణి చేతిలో పెట్టే ఐరన్ గోలీలో ఫోలిక్ యాసిడ్ కలిసింది అందుకే.

ఇంత చదువున్న ఊరు రాజధానిగా ఉన్న రాష్ట్రంలో లెక్కలు ఎలా ఉన్నాయి? తెలంగాణలో 2014-16లో లక్ష సజీవ జననాలకు 81 మంది తల్లులు చనిపోయారు. 2018-20 నాటికి అది 43కు దిగింది. చిన్న విజయం కాదు. అంబులెన్సులు, ఆశా కార్యకర్తలు, కేసీఆర్ కిట్ కలిసి కాన్పును ఇంట్లోంచి దవాఖానాకు మార్చాయి. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో నూటికి 97 కాన్పులు అక్కడే జరిగాయి. అదే సర్వేలో గర్భిణుల్లో రక్తహీనత 53.2 శాతం. అంతకుముందు సర్వేలో 48.2. అంటే చావులు దాదాపు సగానికి పడిన కాలంలోనే తల్లుల ఒంట్లో రక్తం ఇంకా తగ్గింది.

చావులు తగ్గాయి కదా, ఇక గొడవేమిటి అనొచ్చు. తగ్గించింది దవాఖానా. రక్తం తక్కువున్న మనిషికి కాన్పులో ప్రమాదం ఎక్కువ, తప్పించుకునే వ్యవధి తక్కువ. ఆరోగ్యంగా ఉన్న బాలింత అర లీటరు రక్తం పోయినా సాధారణంగా తట్టుకుంటుంది. హిమోగ్లోబిన్ (హెచ్‌బీ) ఏడు గ్రాములున్న బాలింతకు అంతే రక్తం పోతే గుండె చేతులెత్తేయొచ్చు. ఆ ఘడియలో రక్తం సంచి ఎంత దూరంలో ఉందన్నదే ఆమె ఆయుష్షు. గాంధీ ఆస్పత్రిలో ఉంటే ఒక రకం. వానాకాలం వాగు దాటాల్సిన ఆసిఫాబాద్, ములుగు గూడేల్లో ఇంకో రకం. 2022లో పోషకాహార కిట్లకు ప్రభుత్వమే ఎంచుకున్న తొమ్మిది జిల్లాల్లో ఆసిఫాబాద్, ములుగు రెండూ ఉన్నాయి.

ఇటు మరో విడ్డూరం. అదే ఐదో సర్వేలో రాష్ట్రంలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే, ప్రైవేటులో 81.5 శాతం. ఈ ఆపరేషన్లు పది శాతం దాటాక వాటివల్ల తల్లుల మరణాలు ఇంకా తగ్గిన దాఖలా లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది. కోతలో పోయే రక్తం మామూలు కాన్పులో కన్నా ఎక్కువ. రక్తం లేని ఒంటికి అవసరం లేని కోత! ఐరన్ గోలీలు మింగితే బిడ్డ పెద్దగై ఆపరేషన్ అయితదని భయపడి పక్కన పెట్టే తల్లులున్నారు. గోలీ మానేసినా ఆపరేషన్ మాత్రం తప్పడం లేదు.

ప్రపంచం లెక్కలోనూ ఇదే వంకర, ఇంకా పెద్దగా. 2023లో సుమారు 2,60,000 మంది తల్లులు గర్భం, కాన్పు కారణంగా చనిపోయారు. అందులో 92 శాతం పేద, దిగువ మధ్య ఆదాయ దేశాల్లోనే. అత్యంత పేద దేశాల్లో లక్షకు 346, సంపన్న దేశాల్లో 10. నైజీరియా ఒక్కటే నాలుగో వంతుకు పైగా మోస్తోంది. వైద్యం తెలియక కాదు. పోయిన రక్తాన్ని కొలిచే గీతల ప్లాస్టిక్ గుడ్డ ఒకటి బాలింత కింద పరిచి, ప్రమాదం కనబడగానే చికిత్సలన్నీ ఒకేసారి అందిస్తే తీవ్ర రక్తస్రావం వంటి విపత్తులు 60 శాతం తగ్గాయి. కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియాల్లో చేసిన ఈ ప్రయోగం ఫలితాలు 2023లో వచ్చాయి. రెండేళ్లు తిరక్కుండానే అమెరికా విదేశీ సాయానికి కోత పెట్టింది.

మన దగ్గర కోత వేరే రకం. ఆరో కుటుంబ ఆరోగ్య సర్వే నుంచి రక్తహీనత పరీక్షనే తీసేశారు. వేలికి సూది గుచ్చి తీసిన చుక్కతో లెక్క తప్పుతోందని, నరం నుంచి తీసిన రక్తంతో వేరే సర్వే చేస్తామని చెప్పారు. ఆ సర్వే బాధ్యత తార్నాక ఎన్‌ఐఎన్‌దే. శాస్త్రం రీత్యా అభ్యంతరం సబబే. అయితే కొత్త లెక్కలో అంకె సగానికి తగ్గినా, నలుగురు గర్భిణుల్లో ఒకరు మిగులుతారు. కొలత మీద వాదన తేలేదాకా గోలీలు, గుడ్లు, పప్పు ఆగకూడదు.

అసలు గర్భం వచ్చాక మొదలుపెట్టడమే ఆలస్యం. తెలంగాణలో 15-19 ఏళ్ల ఆడపిల్లల్లో పదికి ఆరుగురికి పైనే రక్తహీనత ఉందని ఐదో సర్వే చెప్పింది. పాలిష్ బియ్యం, పలచటి చారు, వెంటనే టీ: ఉన్న కాస్త ఐరన్ కూడా ఒంటబట్టని తిండి ఇది. జిల్లాల నుంచి ఉస్మానియా హాస్టళ్లకు వచ్చే అమ్మాయిలకు ఏటా ఒక రక్తపరీక్ష, మెస్సులో ఆకుకూర, గుడ్డు, నిమ్మచెక్క పెట్టడం అసాధ్యమైన ఖర్చేమీ కాదు. పోషకాహార శాస్త్రవేత్తలు పొరుగునే ఉన్నారు, పిలిస్తే చాలు. ఇక ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం బయట, నెలలో ఎన్ని కాన్పులు చేశారన్న బోర్డు పక్కనే ఏడో నెల గర్భిణుల్లో ఎంతమందికి హెచ్‌బీ పదకొండు దాటిందో కూడా రాసి పెట్టాలి. కలెక్టరు సమీక్షలో మొదట ఆ అంకెనే అడగాలి.