చెమటే కొలబద్దా?

ఒళ్ళు తడవనిది ఆట కాదట! గంటసేపు ఆడి చొక్కా పిండితే గ్లాసుడు నీళ్ళు కారాలిట. అప్పుడే అది ఆట, అప్పుడే వాడు ఆటగాడు. ఈ శాస్త్రం ఎవరు రాశారో తెలీదు గాని, పడక్కుర్చీలో వాలి టీవీలో ఆటలు చూసే మగమహారాజులందరికీ కంఠస్థం.

ఈ శాస్త్రానికి మా వైపు ఈమధ్య బలవుతున్నది బేస్‌బాల్. ఆదోనిలో గాని, ఎమ్మిగనూరులో గాని అమెరికాలో కొడుకో కూతురో ఉన్న ఇళ్ళు ఇప్పుడు వీధికి రెండు. ఆర్నెల్లు అక్కడుండి వచ్చిన పెద్దమనిషి కాళ్ళు కడుక్కున్నాడో లేదో మొదలుపెడతాడు. "అదీ ఒక ఆటేనటమ్మా! చేతికి తోలు తొడుగులు తగిలించుకుని తొమ్మిదిమంది నిలబడతారు. ఒకడు విసురుతాడు, ఇంకొకడు కొట్టబోయి తప్పుతాడు. తక్కినవాళ్ళు ఏదో నములుతూ చూస్తుంటారు. మన కబడ్డీ ముందు అదెంత?"

అమెరికావాళ్ళ ఆటని ఎవరేమంటే మనకేం అనుకోవచ్చు. కాని ఆ మాట అక్కడితో ఆగదే! "నిలబడే ఆట కనకే ఆడపిల్లలు కూడా సాఫ్ట్‌బాల్ అని పేరు పెట్టుకుని ఆడేస్తున్నారు" అనేది దాని తోక. ఆ తోక దగ్గరే నాకు ఒళ్ళు మండుతుంది.

ముందు వాళ్ళ పక్షాన ఉన్న నిజం ఒప్పుకుందాం. కబడ్డీలో కూతకు వెళ్ళిన పిల్ల 30 సెకన్లు ఊపిరి బిగబట్టి, ఏడుగురి మధ్యకి దూరి తాకి రావాలి. ఖోఖోలో తరిమే పిల్లకి వెనక్కి తిరిగే హక్కు కూడా లేదు. బేస్‌బాల్ అలా కాదు. ఆట రెండున్నర గంటల పైన సాగినా, నిజంగా కదలిక ఉండేది ఇరవై నిమిషాలైనా ఉండదని గడియారం పట్టుకుని లెక్కగట్టినవాళ్ళున్నారు. ఊపిరిని కొలిస్తే కబడ్డీదే గెలుపు. బలాన్నే కొలిస్తే మరీ సులువు. ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతరలో బండలాగే ఎద్దుల్ని మించిన క్రీడాకారులు భూమ్మీద లేరు!

కాని ఒళ్ళంటే ఊపిరీ కండా, ఈ రెండేనా?

పాలు కాచే ఇల్లాలిని చూడండి. "ఊరికే నిలబడ్డావుగా, కాస్త ఆ పేపరందుకో" అనే మనిషి ప్రతి ఇంట్లోనూ ఉంటాడు. ఊరికే నిలబడిందా ఆవిడ? పొంగు లేచిన క్షణానికి చెయ్యి గిన్నె దగ్గరుండాలి. కాస్త ముందు దించితే కాగవు, కాస్త ఆలస్యమైతే పొయ్యంతా పాలే. పది నిమిషాలు కదలకుండా ఉండి ఒక్క క్షణంలో మెరుపులా కదలడం ఎంత పనో ఆ పేపరు చదివే ఆయనకేం తెలుసు?

బేస్‌బాల్ ఆ జాతి ఆట. విసిరేవాడికీ కొట్టేవాడికీ మధ్య దూరం 60 అడుగుల 6 అంగుళాలు. గంటకి 150 కిలోమీటర్ల వేగంతో విసిరిన బంతి ఆ దూరం దాటడానికి పట్టేది సుమారు 0.4 సెకను. రెప్ప వాల్చి ఎత్తేంత సేపు! ఆ రెప్పపాటులోనే అది ఎటు వంగుతుందో పోల్చుకోవాలి, కొట్టాలో వదలాలో తేల్చుకోవాలి, ఒళ్ళంతా తిప్పి కర్ర ఝళిపించాలి. ఆ కర్రా క్రికెట్ బ్యాటులా బల్లపరుపుగా ఉండదు, రోకలిలా గుండ్రంగా ఉంటుంది. గుండ్రటి కర్రతో గుండ్రటి బంతిని సూటిగా తాకించడం ఎంత కష్టమంటే, పదిసార్లలో మూడుసార్లు సరిగ్గా కొట్టగలిగినవాణ్ణి మేటి అంటారు.

మరి విసిరేవాడో? చెయ్యి మాత్రమే విసురుతుందనుకోవడం పొరపాటు. మడమలో పుట్టిన ఊపు తొడకెక్కి, నడుముని తిప్పి, వీపు మీదుగా భుజానికి చేరి, చెర్నాకోల కొసలా వేళ్ళ చివర చిటుక్కుమంటుంది. మధ్యలో ఏ కీలు ఒక్క పిసరు తొందరపడ్డా ఊపంతా దండగ, పైగా భుజానికి దెబ్బ. ఎమ్మిగనూరులో మగ్గం ముందు కూర్చున్నవాళ్ళకి ఈ సంగతి చెప్పక్కర్లేదు. కాలు తొక్కడం, చెయ్యి లాగడం, నాడె దూకడం ఒక లయలో పడకపోతే గుడ్డ కాదు, చిక్కు మిగుల్తుంది. ఒకే రోట్లో ఇద్దరాడవాళ్ళు మార్చి మార్చి దంచుతుంటే రోకళ్ళు తగులుకోకపోవడమూ ఈ విద్యే.

ఇక సాఫ్ట్‌బాల్ సంగతి. పేరులో మెత్తదనం ఉంది గాని ఆటలో లేదు. బంతి పెద్దదే, వేగమూ కొంత తక్కువే. కాని విసిరే దూరం 43 అడుగులే. గంటకి నూట అయిదు కిలోమీటర్లతో వచ్చినా కొట్టే పిల్లకి చిక్కేది మళ్ళీ అదే 0.4 సెకను! దూరం తగ్గిందని గుర్తుంచుకోకుండా వేగం తగ్గిందని నవ్వడం మన మగవారి లెక్కల చాతుర్యం.

పైగా అక్కడా ఆడవాళ్ళకి ఈ ఆట తేరగా దొరకలేదు. 1931లో జాకీ మిచెల్ అనే పదిహేడేళ్ళ పిల్ల ఒక ప్రదర్శన ఆటలో బేబ్ రూత్‌నీ, లూ గెరిగ్‌నీ వరసగా అవుట్ చేసింది. అప్పటికి వాళ్ళని మించిన కొట్టుడుగాళ్ళు లేరు. అదంతా ముందే అనుకుని ఆడిన నాటకమన్నవాళ్ళు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. 1943 నుంచి 1954 దాకా అక్కడ ఆడవాళ్ళ బేస్‌బాల్ పోటీలు నడిచాయి. డబ్బు తీసుకుని ఆడినవాళ్ళే వాళ్ళంతా, కాని పొట్టి గౌన్లు వేసుకునే ఆడాలని నియమం! నేల మీద జారుతూ గమ్యం అందుకునే ఆటలో గౌను వేసుకుంటే కాళ్ళేమవుతాయో మీరే ఊహించుకోండి. అక్కడి పిల్లల బేస్‌బాల్ సంఘం, లిటిల్ లీగ్, ఆడపిల్లలకి తలుపు తీసింది 1974లో.

మన దగ్గర మాత్రం? "ఆడపిల్లకి విసరడం ఎక్కడొస్తుంది?" అని ఒక్క మాటతో కొట్టిపారేస్తాం. జొన్నచేలో మంచె మీద నిలబడి వడిసెల తిప్పి పిట్టల్ని తోలినది ఎవరండీ? మన అమ్మమ్మలూ, వాళ్ళ కూతుళ్ళూ కాదూ? గిర్రున తిప్పి, సరిగ్గా వదలాల్సిన చోట వదిలితే రాయి చేను అవతలి గట్టున పడేది. సాఫ్ట్‌బాల్ విసిరే పిల్ల కూడా చేతిని అలాగే గుండ్రంగా తిప్పి తుంటి దగ్గర వదుల్తుంది. వడిసెల తిప్పినప్పుడు అది కూలి, బంతి తిప్పితే మాత్రం చేతకాని పనీనా?

అంత దూరం పోనక్కర్లేదు. అంజలి శర్వాణి మన ఆదోని అమ్మాయి. ఎడమ చేత్తో పేస్ బౌలింగ్ చేస్తుంది. 2022 డిసెంబరులో ఆస్ట్రేలియా మీద భారత జట్టు తరఫున మొదటిసారి ఆడింది. క్రికెట్‌లో మోచెయ్యి విదిలించి విసరకూడదు కనక పరుగెత్తుకొచ్చి ఊపు తెచ్చుకోవాలి. ముందుకాలు నేలకి తాటించినప్పుడు ఒంటి బరువుకి ఎన్నో రెట్ల దెబ్బ ఆ కాలి మీద పడుతుంది. బేస్‌బాల్‌వాడు నిలుచున్న చోటునుంచే మోచేతి విసురుతో సాధించేది ఈమె పరుగుతో సాధించాలి. దార్లు వేరు గాని, చివరికి ఇద్దరికీ కావలసింది వేళ్ళ కొసన ఆ ఒక్క క్షణమే. ఆమె కూడా ఓవరుకీ ఓవరుకీ మధ్య మైదానంలో నిలబడే ఉంటుంది. ఆమెని ఊరికే నిలబడిందనండి చూద్దాం!

2028లో లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో బేస్‌బాల్, సాఫ్ట్‌బాల్, క్రికెట్ మూడూ ఉంటాయి. పడక్కుర్చీల వాళ్ళు చూస్తారు, నములుతూ వ్యాఖ్యానిస్తారు. వాళ్ళని మార్చడం మన తరం కాదు.

మన చేతుల్లో ఉన్న పని ఒకటుంది. విసరడం పుట్టుకతో రాదు, వేలసార్లు విసిరితే వస్తుంది. మగపిల్లాడు నాలుగో ఏటే ఆ పని మొదలుపెడతాడు. ఆడపిల్ల చేతికి మనమే బంతి ఇవ్వం. ఇచ్చినా "మెల్లిగా, మెల్లిగా" అంటాం. ఈ సెలవుల్లో ఆ మాట మానేసి చూడండి. బంతి ఇచ్చి, గట్టిగా విసరమనండి. కిటికీ అద్దం పగిలితే పగిలింది. పిల్లాడు పగలగొట్టినప్పుడు మాట్లాడకుండా కొత్తది వేయించుకోలేదూ?