తడలో పడవ ఎక్కలేదు

ఈ వారం షూటింగు కబుర్లు లేవు. మొన్న డిసెంబరు ఆదివారం నాడు నలుగురు మిత్రులం గాలి తినడానికి తడ వెళ్ళాం. చెప్పొద్దూ, గాలే మమ్మల్ని తిన్నంత పని చేసింది!

పరిశ్రమ హైదరాబాదు తరలిపోయినా కోడంబాక్కం వదలని వాళ్ళం ముగ్గురం. నేనూ, ఎడిటింగులో కళ్ళు పోగొట్టుకున్న మా బావా, మేకప్ అన్నయ్యా. నాలుగో ఆయన విశాఖ నుంచి వచ్చాడు. ముప్ఫై ఏళ్ళు ఇన్‌స్పెక్టరుగా, పెళ్ళికొడుకు తండ్రిగా వేషాలు వేసిన మనిషి. ముఖం చూస్తే మీరు ఇట్టే పోల్చుకుంటారు. పేరు మాత్రం చెప్పలేరు. నేనూ చెప్పను.

సూళ్ళూరుపేట లోకల్ ఎక్కాం. ఆరంబాక్కం దాటితే తడ. ఆ రోజుల్లో మద్రాసు నుంచి బెజవాడకు కార్లో వెళ్ళిన ప్రతి సినిమావాడూ ఈ ఊరు దాటినవాడే. ఆగినవాడు అరుదు. ఇన్నాళ్ళూ నెల్లూరు జిల్లా అనేవాళ్ళం, 2022 నుంచి తిరుపతి జిల్లా అయింది.

దిగగానే విశాఖ మిత్రుడు చుట్టూ చూసి, "కొండేదిరా?" అన్నాడు. ఆయన పెరిగింది భీమిలిలో. ఎర్రమట్టి దిబ్బలూ, సముద్రంలోకి దూకుతున్నట్టుండే కొండలూ చూసిన కళ్ళు. 'మరోచరిత్ర' 1978లో వచ్చాక ఆ ఒడ్డు చూడ్డానికి జనం ఎలా వచ్చేవారో చెప్పి చెప్పి మా చెవులు కొరికాడు. కొండ అంచున నిలబడి ఫోటో తీయించుకోవాలని ఆయన సరదా.

"కొండ లేదు సరే, ఇక్కడ సముద్రమూ లేదు," అన్నాడు బావ నింపాదిగా.

నిజమే! తడ తూర్పున ఉన్నది పులికాట్ సరస్సు. దాని అవతల శ్రీహరికోట దీవి, రాకెట్ల కేంద్రం. ఆ అవతల గాని సముద్రం లేదు. మన దేశపు ఉప్పునీటి సరస్సుల్లో చిల్కా తరువాత ఇదే పెద్దది. చాలా చోట్ల నడుం లోతు కూడా ఉండదు. చలికాలంలో రాజహంసలు ఆ నీళ్ళలో నిలబడే మేస్తాయి.

ఆటోలో భీములవారిపాళెం రేవుకు చేరాం. అక్కణ్ణుంచి పడవలో ఇరకం దీవికి వెళ్ళి రావాలని మా ప్లాను. కానీ ఈశాన్యం నుంచి వీస్తోంది చూడండీ గాలి! సరస్సంతా మజ్జిగ చిలికినట్టు తెల్లగా నురగ. స్టూడియోలో అయితే పెద్ద ఫ్యాను పెట్టేవాళ్ళు. హీరోయిన్ పైట ఎగరాలి, హీరో క్రాపు చెదరకూడదు! డైరెక్టరు కట్ అంటే గాలి టక్కున ఆగేది.

పడవాయన గెడ ఒడ్డున పారేసి కూర్చున్నాడు. "ఈ పొద్దు పోబళ్ళేదు సామీ," అన్నాడు. మావాడు రెట్టింపు ఇస్తానన్నాడు. మూడింతలన్నాడు. "నాకు మాత్రం డబ్బు చేదా సామీ? పోబళ్ళేదు."

"నడుం లోతు నీళ్ళకి ఇంత భయమా?" అని మావాడు పోలీసు గొంతుతో గద్దించాడు. సరిగ్గా అప్పుడే గాలి ఒక్క విసురు విసిరింది. ఆయన క్రాపు లేచిపోయింది! నిజంగానే లేచి, రెండు పల్టీలు కొట్టి, నీళ్ళలో పడింది. ముప్ఫై ఏళ్ళ స్నేహం... అది విగ్గని నాకూ బావకూ అప్పుడే తెలిసింది. మేకప్ అన్నయ్య మాత్రం తల పట్టుకున్నాడు. కట్టింది ఆయనే మరి. "గమ్ము సరిగ్గా పెట్టుకోమంటే విన్నాడా?" అని గొణిగాడు.

మేం నవ్వాం. నవ్వకుండా ఉండాల్సింది. ఆయన ముఖం పాలిపోయింది. చెప్పులైనా విప్పకుండా నీళ్ళలోకి దిగిపోయాడు. నాలుగడుగులు వేశాడో లేదో మోకాలి దాకా బురదలో కూరుకుపోయాడు. అల వచ్చి ఛాతీ మీద కొట్టింది, ఒరిగిపోయాడు. పడవాయన దూకి జబ్బ పట్టుకున్నాడు. గెడ అందిస్తే మేం ముగ్గురం లాగాం. డెబ్భై ఏళ్ళ మనిషి, బురద నీళ్ళు కక్కుతూ ఒడ్డున కూలబడ్డాడు. మాకెవరికీ నోట మాట లేదు.

అప్పుడు చెప్పాడు పడవాయన, క్రిస్మస్ నాటి సంగతి. 2011 డిసెంబరు 25న ఇదే సరస్సు దక్షిణపు కొసన, పళవేర్కాడు దగ్గర, విహారానికి వెళ్ళినవాళ్ళ పడవ తిరగబడి 22 మంది పోయారు. అందులో పసిపిల్లలూ ఉన్నారు. "వాళ్ళూ మీ మాదిరే, ఒక్క పూట సంబరానికి వచ్చినోళ్ళు," అన్నాడు. మావాడు తల మీద చెయ్యి పెట్టుకుని విన్నాడు. మేం ఇవ్వబోయిన డబ్బులో ఆయన టీ ఖర్చుకు మించి తీసుకోలేదు.

తడి బట్టలు ఆరేసరికి మధ్యాహ్నం. ఇక ఎక్కడికి పోతాం? సినిమావాళ్ళం, సినిమాకే పోయాం. సూళ్ళూరుపేట దగ్గర 2019లో కట్టిన హాలు ఒకటుంది, తెర వెడల్పే వంద అడుగుల పైన. మావాడు తలకు తువ్వాలు చుట్టుకుని వెనగ్గా నడుస్తున్నాడు. లోపలికి వెళ్ళబోతుంటే ద్వారం దగ్గర అది కాస్తా జారిపోయింది.

టిక్కెట్లు చూసే కుర్రాడు ఆయన్ని ఎగాదిగా చూశాడు. "సార్, మీరు ఇన్‌స్పెక్టర్ వేషాలు వేస్తారు గదా?" అన్నాడు.

మావాడు తువ్వాలు మళ్ళీ చుట్టుకోలేదు. మడిచి భుజాన వేసుకున్నాడు.