పెద్దల మౌనం పిల్లలకు ఆస్తి కారాదు

యుద్ధం అంటే ఎక్కడో సరిహద్దులో జరిగేదని మన పిల్లలు అనుకొంటారు. మా తడ వంటి తీర గ్రామాల పెద్దలు అలా అనుకోలేదు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. ఆ నెలలోనే భయంతో మద్రాసు నుంచి జనం పెట్టే బేడా సర్దుకొని పల్లెలకు తరలిపోయారు.

బర్మాలో ఉన్న మనవారి కష్టం ఇంకా పెద్దది. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద బాంబులు పడ్డాక లక్షలాది భారతీయులు స్వదేశానికి బయలుదేరారు. వారిలో తెలుగువారు ఎందరో ఉన్నారు. ఓడ దొరకనివారు కొండలు, అడవులు దాటి నడిచారు. ఆకలికి, కలరాకు, మలేరియాకు వేలాది మంది దారిలోనే ప్రాణాలు విడిచారు.

ప్రాణాలతో ఇల్లు చేరినవారిలో చాలామంది ఆ సంగతులు పిల్లలకు చెప్పలేదు. కథ వారితోనే ఆగిపోయింది కాని, భయం ఆగలేదు. బియ్యం డబ్బా సగానికి వస్తే దాదీకి నిద్ర పట్టదు. నగల మూట తలగడ కింద ఉండవలసిందే. మనవడికి గల్ఫ్ వీసా వస్తే ఇంట్లో ఏడుపులు మొదలవుతాయి. కారణం తెలియని పిల్లలు దీనిని చాదస్తం అంటారు. కొంతకాలానికి అదే భయం వారికీ అలవాటవుతుంది.

హైదరాబాదులోని ఒక కుటుంబం ఇందుకు భిన్నమైన దారి చూపింది. ఆబిద్ హసన్ జర్మనీలో చదువుకొంటూ నేతాజీ సుభాష్ చంద్రబోస్‌ను కలిశారు. 1943లో ఆయనతోపాటు జలాంతర్గామిలో నెలల తరబడి ప్రయాణించి ఆసియా చేరారు. ‘జైహింద్’ అనే పలకరింపు ఆయన ఇచ్చినదేనని ప్రసిద్ధి. కాషాయ వర్ణాన్ని గౌరవిస్తూ తన పేరుకు ‘సఫ్రానీ’ అని చేర్చుకొన్నారు. యుద్ధం ముగిశాక జైలు పాలయ్యారు. స్వతంత్ర భారతానికి డెన్మార్క్‌లో రాయబారిగా పనిచేశారు. 1984లో కన్నుమూశారు.

ఆయన సోదరుడు బద్రుల్ హసన్ కుమార్తె సురయ్యా. ఆమె నేతాజీ సోదరుని కుమారుడైన అరబిందో బోస్‌ను వివాహమాడారు. చిన్నాన్న కీర్తి చెప్పుకొంటూ ఆమె కూర్చోలేదు. అంతరించిపోతున్న హిమ్రూ, మష్రూ నేతలను మళ్లీ మగ్గమెక్కించారు. భర్తను కోల్పోయిన స్త్రీలకు ఆ పని నేర్పి జీవనోపాధి చూపారు. పిల్లల కోసం సఫ్రానీ పేరిట పాఠశాల నడిపారు. 2021లో కన్నుమూసేవరకు అదే ఆమె లోకం. ఆ ఇంట్లో యుద్ధకాలపు జ్ఞాపకం నలుగురికి అన్నం పెట్టే పనిగా మారింది.

అందరి ఇళ్లలో సఫ్రానీలు ఉండరు, నిజమే. కాని అందరి ఇళ్లలో ఒక పాత ట్రంకుపెట్టె ఉంటుంది. అందులో దాదా రాసిన ఉర్దూ ఉత్తరాలు ఉండవచ్చు. తెలుగు మీడియంలో, ఇంగ్లీషు మీడియంలో చదివే మనవలకు ఆ లిపి రాదు. చదవగలిగిన తరం వెళ్లిపోతే అవి పాత కాగితాల వ్యాపారికి పోతాయి. చదువు చెప్పే మాకు ఇది అన్నిటికన్నా బాధ కలిగించే విషయం.

మానిన గాయాన్ని రేపడమెందుకని కొందరు అడుగుతారు. చెప్పలేనని కళ్లు తుడుచుకొనే పెద్దలను బలవంతం చేయవద్దు. కాని ఎవరూ అడగకపోవడం వల్లనే మౌనంగా ఉండిపోయిన వారు చాలామంది. ముఖ్యంగా స్త్రీలు. రంగూన్ నుంచి మనిషి వస్తాడో రాడోనని ఎదురుచూస్తూ పిల్లలను సాకిన తల్లి కథ ఏ చరిత్ర పుస్తకంలో ఉంది?

1942లో పదేళ్లున్నవారు నేడు తొంభై దాటారు. సోదర సోదరీమణులారా! ఈ జుమా నాడు ఇంటి పెద్దల పక్కన కాసేపు కూర్చోండి. వారు చెప్పినది పిల్లలచేత తెలుగులో రాయించండి. ఉర్దూ ఉత్తరం ఉంటే చదవగలిగినవారి వద్దకు తీసుకువెళ్లండి. పెద్దల కథ మన దగ్గర ఉన్న అమానత్. దానిని పిల్లలకు అప్పగించే బాధ్యత మనదే.