కిత్తా గహ్రా అని కాదు, హవా కిధర్ అని అడగండి

పిల్లలు పానీ దగ్గరికి వెళ్తామంటే మన ఇళ్లల్లో ముందు వచ్చే సవాల్ ఒక్కటే: "కిత్తా గహ్రా హై?" లోతు తెలిస్తే ఖతరా ఎంతో తెలిసిపోయినట్టే అని అమ్మీల యకీన్. నానీ, దాదీల కాలం నుంచి వస్తున్న ఫికర్ అది, నేను తప్పు పట్టను. ఎండాకాలం సెలవులొస్తే చాలు, చెరువులో మునిగిపోయిన పిల్లల ఖబర్ పేపర్లో చూస్తూనే ఉన్నాం. అయితే విండ్‌సర్ఫింగ్ నేర్చుకునే పిల్లల విషయంలో ఈ సవాల్ సగం కూడా సరిపోదు. అక్కడ మనిషిని మోసుకుపోయేది హవా. తాలాబ్ ఎంచుకునేటప్పుడు మొదట అడగాల్సింది, ఈ హవా నా బిడ్డను ఏ కినారాకు చేరుస్తుంది అని.

ఇప్పుడెందుకీ మాట అంటారా? ఈ షౌక్ మన గడపల దాకా వచ్చేసింది. 2023లో చైనాలో జరిగిన ఏషియన్ గేమ్స్‌లో విండ్‌సర్ఫింగ్‌లో మన దేశానికి కాంస్య పతకం తెచ్చిన కుర్రాడి పేరు ఇబాద్ అలీ. అవే ఆటల్లో తెరచాప పడవ నడిపి రజతం గెలిచిన నేహా ఠాకూర్ ఆ విద్య నేర్చుకున్నది భోపాల్ తాలాబ్ మీద. అంటే సముద్రం పక్కన పుట్టక్కర్లేదన్నమాట. అమెరికాలో ఉన్న మన రిష్తేదార్ల పిల్లలు సెలవుల్లో క్యాంపులకు పోతున్నారు, ఫొటోలు పంపిస్తున్నారు, ఇక్కడి పిల్లలు చూస్తున్నారు. ఏదో ఒకరోజు ఇజాజత్ అడుగుతారు. "నై" అనడం సులువు. నాకా జవాబు నచ్చదు. ఎక్కడైతే "హా" అనొచ్చో పెద్దవాళ్లకు తెలిసుండాలి.

ఆట సంగతి రెండు ముక్కల్లో. బోర్డు మీద నిలబడి, దానికి బిగించిన తెరచాపను రెండు చేతులా పట్టుకుని హవాతో సాగిపోవడం. కొత్తవాడికి రెండు మూడు రోజుల్లో గాలికి అడ్డంగా పోవడం కాస్త వస్తుంది. గాలి వాలున కొట్టుకుపోవడం ఎవరూ నేర్పకుండానే వస్తుంది. గాలికి ఎదురెక్కి బయలుదేరిన చోటికి తిరిగి రావడం మాత్రం వెంటనే రాదు. అసలు ముష్కిల్ అంతా ఇక్కడే ఉంది.

హవా మన వీపు వెనక నుంచి తాలాబ్ లోపలికి వీస్తోందనుకోండి. కినారా దగ్గర నీళ్లు అద్దంలా ఉంటాయి. గట్టు, చెట్లు, ఇళ్లు గాలిని అడ్డుకుంటాయి కాబట్టి. అది చూసి అబ్బాజాన్ "ఎంత నెమ్మదిగా ఉందో చూడు" అని ఖుషీ అవుతాడు. ఇంతకంటే పెద్ద ధోకా లేదు. యాభై గజాలు లోపలికి పోగానే ఆ చాటు అయిపోతుంది, గాలి జోరు పెరుగుతుంది, పిల్లవాడు నడిమధ్యకు పోతూనే ఉంటాడు. వెనక్కి రావడం తెలీదు. చేతులు అలసిపోతాయి. ఆ తాలాబ్ లోతు ఐదడుగులైనా, యాభై అడుగులైనా అప్పుడు ఏం ఫరఖ్ పడుతుంది?

అందుకని నీళ్ల వైపు ముఖం పెట్టి గట్టు మీద నిలబడండి. అమ్మీ ఓఢ్నీ ఎటు ఎగురుతోందో చూడండి. నీళ్ల వైపు ఎగిరితే ఆ రోజు ఆ కినారా నుంచి వద్దు, సామాన్ సర్దుకుని అవతలి గట్టుకు పోండి, లేదా ఇంటికి రండి. భుజం పక్కగా వచ్చి కొంచెం మన వైపే తోస్తోందా, అదే కొత్తవాళ్లకు మేలైన హవా. పడినా, లేచినా, కాసేపటికి మన కినారాకే తెచ్చి పడేస్తుంది. నేరుగా ముఖానికి కొట్టే గాలి కూడా ఖతర్నాక్ కాదు గానీ, బయలుదేరడమే కష్టమై పిల్లలు విసిగిపోతారు.

మన హుస్సేన్ సాగర్‌నే తీసుకుందాం. కుతుబ్ షాహీల కాలంలో హజ్రత్ హుస్సేన్ షా వలీ కట్టించారని చెప్పుకునే తాలాబ్, పేరు చెబితేనే మనకు ప్యార్ పుట్టుకొస్తుంది. తూర్పున ట్యాంక్‌బండ్, పడమర నెక్లెస్ రోడ్. వానాకాలంలో హైదరాబాద్‌లో హవా ఎక్కువగా పడమర, నైరుతి దిక్కుల నుంచి వస్తుంది. అక్కడ సెయిలింగ్ పోటీలు ఎక్కువగా ఆ నెలల్లోనే పెట్టేది ఆ హవా కోసమే. తెలిసినవాళ్లకు అది నియామత్. కొత్తవాడు నెక్లెస్ రోడ్ వైపు నుంచి దిగితే గాలి వాణ్ని నడి తాలాబ్‌లోకి తోసి, చివరికి ట్యాంక్‌బండ్ రాళ్ల గోడకు తగిలిస్తుంది. పైగా మొదటి వారంలో పిల్లవాడు రోజుకు వంద సార్లు నీళ్లలో పడతాడు. ఏళ్ల తరబడి నాలాలు కలిసిన నీళ్లు అవి. నోట్లోకి పోతాయి, కాళ్ల మీది గాయాల్లోకి పోతాయి. కాబట్టి నా మాట సాఫ్‌గా చెప్తాను: మరపడవ, ఉస్తాద్ ఉన్న క్లబ్బు ద్వారా తప్ప హుస్సేన్ సాగర్ మొదటి బడి కాకూడదు. ఇక ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ అంటారా, అవి 1908 మూసీ వరద తర్వాత కట్టినవి, షహర్‌కు తాగునీళ్లిచ్చేవి. అక్కడికి బోర్డు మోసుకుపోయే ఖయాల్ కూడా వద్దు.

మరి మంచి తాలాబ్ ఎలా ఉంటుంది? కాలిఫోర్నియా మౌంటెన్ వ్యూలో మన తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు కదా, వాళ్లకు షోర్‌లైన్ లేక్ తెలిసే ఉంటుంది. సుమారు 50 ఎకరాల చిన్న తాలాబ్, మనుషులు తవ్వించిందే. కొత్తవాళ్లకు పాఠాలు చెప్పేది అక్కడే. దాని గొప్పతనమల్లా చిన్నదవడం. హవా ఎటు తోసినా పది నిమిషాల్లో ఏదో ఒక కినారా తగులుతుంది, బోర్డు ఈడ్చుకుంటూ నడిచి రావచ్చు. పెద్ద తాలాబ్‌లో ఆ భరోసా లేదు. వేసవి మధ్యాహ్నాల్లో అక్కడ గాలి పెరుగుతుంది కాబట్టి కొత్తవాళ్లకు పొద్దుటి వేళే నయం.

మన ఊళ్లలోని చెరువులు చిన్నవే కదా అని ఎవరైనా అనొచ్చు. చిన్నవే. కానీ కట్ట వైపు లోతు, అటువైపు పూడిక, మధ్యలో మట్టి తవ్వుకుపోయిన గుంతలు. మోకాలి లోతులో నడుస్తున్నవాడు ఒక్క అడుగులో మునిగిపోతాడు. తూము దగ్గర నీళ్లు లాగుతాయి, అలుగు పారుతుంటే ఇంకా ఖతరా. చేపల వలలు, గుర్రపుడెక్క కాళ్లకు చుట్టుకుంటాయి. చెరువు గుణం తెలిసిన బెస్తవాళ్లు ఒక్కరైనా "ఇక్కడ దిగొచ్చు" అని చూపించనిదే దిగకూడదు. వాళ్ల తజ్రుబా ముందు మన ఫోన్లోని మ్యాప్ ఎందుకూ పనికిరాదు.

హవా జోరు గురించి ఒక నిషానీ చాలు. నీళ్ల మీద అక్కడక్కడ తెల్ల నురగ లేస్తోందంటే గాలి గంటకు 20 కిలోమీటర్లు దాటినట్టే, కొత్తవాళ్లు ఆ రోజు ఒడ్డునే ఉండాలి. ఉరుము వినిపిస్తే ఇక చర్చే లేదు. ఆ తెరచాప గుంజ నీళ్ల మీద అన్నిటికంటే ఎత్తైన వస్తువు.

ఆడపిల్లల మాట చెప్పకుండా ఆగలేను. భాయి నీళ్లలో, బెహన్ గట్టు మీద టిఫిన్ డబ్బాలు కాస్తూ. ఎందుకు? మెడ నుంచి మడమల దాకా కప్పే వెట్‌సూట్ ఈ ఆటకు మామూలు లిబాసే, మగవాళ్లూ అదే తొడుక్కుంటారు. పైన వదులు టీషర్టు, తలకు బిగుతుగా ఉండే స్పోర్ట్స్ హిజాబ్, ఆ మీద లైఫ్ జాకెట్. వేలాడే ఓఢ్నీ, ఘేర్ ఉన్న షల్వార్ మాత్రం వద్దు, నీళ్లు పీల్చి బరువెక్కుతాయి, తాళ్లకు చుట్టుకుంటాయి. చల్లటి దేశాల్లో ఉన్నవాళ్లకు ఇంకో ముక్క: ఎండ చూసి బట్టలు తొడగొద్దు, నీళ్ల చలి చూసి తొడగాలి. ఏప్రిల్‌లో గాలి వెచ్చగా ఉన్నా తాలాబ్ ఇంకా చలికాలంలోనే ఉంటుంది.

ఈతొచ్చినా రాకపోయినా లైఫ్ జాకెట్ ఉండాల్సిందే. బోర్డు మునగదు, దాన్ని వదిలి ఈదుకుంటూ రావాలనుకున్నవాళ్లకే ప్రమాదం. తిరిగి రాలేకపోతే బోర్డు మీద కూర్చుని రెండు చేతులూ పక్కలకు చాపి పైకీ కిందికీ ఊపాలి, సాయం కావాలని దానర్థం. పిల్లలకు గట్టు మీదే ఓసారి చేయించండి. ఆ ఇషారా చూడ్డానికి గట్టు మీద ఫోన్ పక్కన పెట్టిన ఒక మనిషీ, బయలుదేరడానికి ఒక మరపడవా ఉండాలి. క్లబ్బుకు ఫోన్ చేసినప్పుడు ఫీజు కంటే ముందు అడగాల్సింది ఆ పడవ గురించే. "పడవ ఉంది గానీ నడిపేవాడు పదింటికి వస్తాడు" అన్నారనుకోండి, మీరూ పదింటికే వెళ్లండి.