పోలీసాయన రాసిన పోలీసు కథ

డిటెక్టివ్ నవలంటే హంతకుడెవరో చివరిదాకా దాచాలి కదా! జోసెఫ్ వాంబా నవల అలా ఉండదండీ. ఆయన అమెరికాలోని లాస్ ఏంజెలెస్‌లో 14 ఏళ్లు పోలీసు. ఉద్యోగంలో ఉండగానే, 1971లో ‘ది న్యూ సెంచూరియన్స్’ అచ్చయింది. కొత్తగా చేరిన ముగ్గురు కుర్రాళ్ల కథ. దొంగలు దొరికారా లేదా అన్నది కాదు, ఆ డ్యూటీ వాళ్లనేం చేసిందన్నదే అసలు సంగతి. రాయ్ అనే అతని కాపురం చెడుతుంది, తాగుడు పట్టుకుంటుంది. కిల్విన్‌స్కీ అనే పెద్దాయనైతే రిటైరయ్యాక, ఇంట్లో పలకరించే దిక్కు లేక, తుపాకీతో కాల్చుకుంటాడు. అక్కడ పుస్తకం మూసి కాసేపు కూర్చుండిపోయాను. భార్యల గోడు ఇంకో నాలుగు పేజీలు రాయాల్సిందనిపించింది.

పేరొచ్చాక ఆయనకూ ఉద్యోగం సాగలేదు. పట్టుబడ్డవాళ్లే ఆటోగ్రాఫ్ అడుగుతుంటే ఏం చేస్తారు! 1974లో మానేశారు.