మూలమీది అంగడి మూతపడకూడదంటే...

మన పశ్చిమ ప్రకాశంలో ఏ పల్లెకు పోయినా చిన్న అంగడి ముందు ఒక అట్టముక్క వేలాడుతూ ఉంటుంది. దానిమీద "అప్పు రేపు" అని రాసి ఉంటుంది. ఆ అట్టముక్క కిందే, గల్లాపెట్టె పక్కన, మూలలు నలిగిన నోటు పుస్తకం ఒకటి ఉంటుంది. ఊళ్ళో సగం మంది బాకీ అందులోనే ఉంటుంది. ఈ రెంటిలో ఏది నిజమంటే, పుస్తకమే నిజం.

నేను హాస్టల్లో చదివే రోజుల్లో గేటుకు ఎదురుగా ఒక అవ్వ బంకు నడిపేది. కాస్మెటిక్ ఛార్జీలు చేతికి వచ్చేలోపే మా సబ్బులు అయిపోయేవి. అవ్వ బట్టల సబ్బును సగానికి కోసి ఇచ్చేది. ఆమెకు చదువు రాదు. మార్కాపురం పలక మీద ఒక్కొక్కరికి ఒక్కో గుర్తు పెట్టుకొని, దాని పక్కన గీతలు గీసేది. పదో తరగతి పరీక్షలు అయిపోయిన రోజు బస్సు దొరకదేమోనన్న తొందరలో నేను ఆమెకివ్వాల్సిన 37 రూపాయలు ఇవ్వకుండానే పోయాను. రెండేళ్ళ తర్వాత వస్తే బంకు లేదు. నాలాంటివాళ్ళు ఇంకెంతమంది గీతలు తుడవకుండా పోయారో నాకు తెలియదు.

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా! పెద్ద పెద్ద కంపెనీల అంగళ్ళు చిన్న అంగళ్ళను మింగేస్తున్నాయని మనం వ్యాసరచన పోటీల్లో రాస్తాం. ఆ మాటలో నిజం ఉంది. కానీ పెద్ద అంగడి దయ్యం, చిన్న అంగడి దేవాలయం అని రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. మన తాతలు కిరాణా కొట్టు ముందు ఎలా నిలబడ్డారో మన ఇళ్ళలో ఇప్పటికీ చెప్పుకుంటారు. దూరంగా నిలబడి కొంగు పడితే పైనుంచి సరుకు జారవిడిచేవారు. వాళ్ళిచ్చిన డబ్బుల మీద నీళ్ళు చల్లి తీసుకునేవారు. ఈనాటి పెద్ద షాపులో కులం అడగరు. బుట్ట పట్టుకొని మన చేత్తో మనమే సరుకు తీసుకుంటాం. ధర అందరికీ ఒక్కటే. బిల్లు ఇస్తారు. మనలాంటివాళ్ళకు ఇది చిన్న విషయం కాదు.

మరి అక్కడ ధర ఎందుకు తక్కువ? వాళ్ళు కంపెనీ దగ్గర లారీల కొద్దీ నేరుగా కొంటారు. మన అంగడాయన డీలరు దగ్గరో, టౌనులో హోల్‌సేల్ కొట్టులోనో డజను, అరడజను కొంటాడు. మధ్యలో ప్రతి చేతికీ కొంత లాభం అంటుకుంటుంది. ఎమ్మార్పీ 40 రూపాయలున్న సబ్బు మన అంగడాయనకు 36కు, పెద్ద షాపుకు 32కు పడిందనుకోండి. పెద్ద షాపు 36కు అమ్మినా 4 రూపాయలు మిగులుతాయి. మన అంగడాయన 36కు అమ్మితే మిగిలేది సున్న. ఒక్క ధర మీదనే పోటీ పడితే ఓడేది ఎవరో చెప్పనక్కరలేదు.

అయినా చిన్న అంగడి ఇంకా ఉంది. 2006లో హైదరాబాదులో రిలయన్స్ ఫ్రెష్ మొదటి దుకాణం తెరిచినప్పుడు కిరాణా కొట్ల పని అయిపోయిందన్నారు. 2012లో కేంద్ర ప్రభుత్వం అన్ని రకాల సరుకులమ్మే దుకాణాల్లో 51 శాతం విదేశీ పెట్టుబడికి అనుమతి ఇచ్చినప్పుడూ అదే మాట అన్నారు. ఈలోగా కూలిన పెద్దవాళ్ళూ ఉన్నారు. దేశమంతటా సుమారు 1600 దుకాణాలు పెట్టిన సుభిక్ష, అప్పుల మీద పరుగెత్తి, సరుకుకూ జీతాలకూ డబ్బు లేక 2009లో మూతపడింది. ఒకప్పుడు పండుగల్లో జనం క్యూ కట్టిన బిగ్ బజార్ 2022లో కథ ముగించింది. అరువు అవ్వనే కాదు, అంత పెద్దవాళ్ళనూ ముంచుతుంది.

చిన్న అంగడిని నిలబెట్టేది మన బ్రతుకు తీరే. మనది వాన మీద ఆధారపడిన నేల. కంది, పత్తి, మిరప అమ్మితే ఒక్కసారి డబ్బు కనబడుతుంది. కూలివాళ్ళకు పని ఉన్న వారం ఉంటుంది, లేని వారం లేదు. అలాంటి ఇంటికి పది రూపాయల నూనె, పావుకిలో చక్కెర, రూపాయి షాంపూ పాకెట్ ఇచ్చేది మూలమీది అంగడే. వలసపోయినవాళ్ళ ఇంట్లో ముసలమ్మకు పంట చేతికొచ్చేదాకా ఆగి అరువిచ్చేదీ అదే. టౌనుకు పోయి 500 రూపాయల సరుకు కొంటే 40 రూపాయలు మిగిలాయనుకోండి. ఆటోకు పోనూ రానూ 60 అయితే నష్టం ఎవరికి? ఈ లెక్క మన అమ్మలకు వేసి చూపించాల్సింది మనమే.

అయితే అంగడాయన తప్పులు కూడా చెప్పాలి. కూలింగ్ ఛార్జీ అని ఎమ్మార్పీ మీద రెండు రూపాయలు ఎక్కువ తీసుకోవడం చట్టవిరుద్ధం. తేదీ అయిపోయిన బిస్కెట్లు పిల్లల చేతిలో పెట్టడం, కాటాలో తేడా, ఖాతా పుస్తకంలో తనకు తోచినంత రాసుకోవడం, ఇవన్నీ జనాన్ని అద్దాల తలుపుల వైపు తోస్తాయి. ఇలాంటి వాటిమీద 1915 నంబరుకు ఫోన్ చేసి వినియోగదారుడు ఫిర్యాదు చేయవచ్చు. అంతదాకా రాకముందే అరువు లెక్క రెండు పుస్తకాల్లో ఉండాలి, ఒకటి అంగట్లో, ఒకటి కొన్నవాళ్ళ ఇంట్లో. నమ్మకం అన్నది నోటి మాటతో కాదు, రాతతో నిలుస్తుంది.

రెండో మందు కలిసి కొనడం. 1932లో నెదర్లాండ్స్‌లో ఒక టోకు వర్తకుడు విడివిడిగా ఉన్న చిల్లర వర్తకులను కూడగట్టాడు. ఎవరి అంగడి వాళ్ళదే, సరుకు మాత్రం కలిసి కొన్నారు. అదే స్పార్. ఈరోజు అది అనేక దేశాల్లో ఉంది. తర్లుపాడు, కంభం, గిద్దలూరు వైపు పల్లెల్లో పది అంగళ్ళవాళ్ళు కలిసి వారానికొకసారి ఒకే ఆర్డరు పెడితే డజన్లు పెట్టెలవుతాయి, ఆటో కిరాయి పదోవంతు అవుతుంది. ఇది మనకు కొత్త విద్య కాదు. పొదుపు సంఘాల్లో మన అమ్మలు ఎన్నో ఏళ్ళుగా కలిసి దాచి, కలిసి లెక్క రాస్తూనే ఉన్నారు.

ఇక మన సంగతి. అంగడి పెట్టడం మన కులాలకు రాసిపెట్టలేదని చాలాకాలం నమ్మించారు. లండన్‌లో చదివి వచ్చిన డాక్టర్ అంబేద్కర్ బొంబాయిలో పెట్టుబడుల సలహా సంస్థ పెడితే, కులం తెలిసి జనం రావడం మానేశారు. దాన్ని మూసేయక తప్పలేదు. ఆయనకే అలా జరిగితే మన పల్లెలో టీ బంకు పెట్టుకున్న మన అన్నకు ఎలా ఉంటుందో ఊహించండి. అందుకే మన వీధిలో మనవాళ్ళు అంగడి పెడితే ముందుగా కొనాల్సింది మనం. బాకీ పెట్టకుండా కొనాల్సిందీ మనమే. ముద్ర పథకంలో 50 వేల లోపు శిశు రుణం హామీ లేకుండా ఇవ్వాలని నిబంధన ఉంది. ఆ దరఖాస్తు నింపడం, ఫోన్‌లో వచ్చిన డబ్బు ఏ రోజుకారోజు పుస్తకానికి ఎక్కించడం పదో తరగతి చదివిన ఎవరైనా చెయ్యగలరు. పెద్ద షాపుల్లో పనికి చేరిన తమ్ముళ్ళు కూడా చిన్నబుచ్చుకోవద్దు. స్టాకు ఎలా రాస్తారో, పాత తేదీ సరుకు ఎందుకు ముందు వరసలో పెడతారో నేర్చుకొని ఇంటికి తెండి. రేపు అమ్మ అంగడికి అదే పెట్టుబడి.

మన అంగళ్ళు మనమీద జాలితో బ్రతకలేదు, మనం కూడా జాలితో వాటిని బ్రతికించలేం. సరైన కాటా, సరైన లెక్క, కలిసి కొనుగోలు, తీర్చిన బాకీ ఉంటే అవి నిలబడతాయి.

ఈ సంవత్సరం హాస్టల్ వదిలిపోయే తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఒక్క మాట. టీసీ చేతిలోకి తీసుకునే ముందు ఎదురుగా ఉన్న అంగడికి పోండి. మీ పేరు మీదున్న లెక్క కట్టి, మీ ఎదుటే కొట్టివేయించుకొని బస్సెక్కండి. ఆ బస్సు తప్పిపోయినా ఫరవాలేదు. ఇంకొకటి వస్తుంది.

– ఒక పూర్వ విద్యార్థి